రాళ్ల తీరంలో ఆక్టోపస్‌ను గుర్తించడం, గమనించడం ఎలా

ఆక్టోపస్‌ను చూడాలని తీరానికి వెళ్లినవారిలో చాలామంది దాన్ని చూడకుండానే తిరిగి వస్తారు. అది అక్కడ లేకపోవడం ఒక్కటే అందుకు కారణం కాదు. వారు ఎనిమిది చేతులు చాచి ఈదుతున్న జంతువు కోసం వెతుకుతూ ఉంటారు. అది మాత్రం రాతి సందులో గుండ్రటి ముద్దలా ముడుచుకుని, నాచు పట్టిన రాయి రంగునే ఒంటికి తెచ్చుకుని, ఒక్క కన్ను మాత్రం పైకి పెట్టి వారినే చూస్తూ ఉంటుంది. కాబట్టి మొదట మానుకోవలసింది జంతువును వెతకడం. వెతకవలసింది దాని ఇంటిని, ఆ ఇంటి ముందు అది పారేసిన చెత్తను. ఆ రెండూ దొరికితే జంతువు దానంతట అదే కనబడుతుంది. ఆ తరువాత చేయవలసిందల్లా కదలకుండా కూర్చుని, దాని ఒంటిమీది మార్పులను ఒక్కొక్కటిగా చదువుకోవడమే.

ఎక్కడ, ఎప్పుడు వెళ్లాలి

ఆక్టోపస్ నత్తలకు, ఆల్చిప్పలకు దగ్గరి బంధువు. వాటిలాగే ఇదీ మొలస్కా వర్గానికి చెందినదే, కానీ కాపాడే పెంకును పరిణామక్రమంలో వదులుకుంది. ఒళ్లంతా మెత్తని కండ. చిలుక ముక్కును పోలిన నోటి ముక్కు తప్ప చెప్పుకోదగిన గట్టి భాగం ఏదీ దానికి లేదు. అందువల్ల ఆ ముక్కు దూరగలిగినంత సందు ఉంటే చాలు, ఒళ్లంతా అందులోంచి జారిపోగలదు. అందువల్లనే, దాగడానికి సందు లేనిచోట అది ఎక్కువసేపు నిలవదు. పెంకు లేని ఈ ఒంటికి ఇల్లే పెంకు. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక, నదీముఖాల దగ్గర బురద. విశాఖపట్నం దగ్గర మాత్రం తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా దిగి వచ్చాయి. అందుచేత తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన, మంగమారిపేట దగ్గర, యారాడ వైపు, నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్లు బయటపడి, వాటి మధ్య చిన్నచిన్న మడుగులు నిలుస్తాయి. తెలుగువారికి అందుబాటులో ఉన్న మంచి రాతి తీరం ఇదే. లక్షద్వీప్‌కో అండమాన్‌కో వెళ్లేవారికి పగడపు దిబ్బల మీద ఇంతకంటే మంచి అవకాశం ఉంటుంది. అక్కడ కనబడే ఆక్టోపస్ సయానియా అనే జాతి పగటిపూటే వేటాడుతుంది. ఇసుక, బురద నేలల్లో బతికే జాతులూ మన సముద్రంలో ఉన్నాయి. వాటిలో ఒకటైన యాంఫిఆక్టోపస్ మార్జినేటస్ ఇండోనేషియాలో కొబ్బరి చిప్పలను పొట్ట కింద పెట్టుకుని మోసుకుపోయి, అవసరమైనప్పుడు వాటిలో దాక్కోవడాన్ని పరిశోధకులు 2009లో ప్రకటించారు. అయితే ఆ జాతులు ఒడ్డున నిలబడి చూసేవారికి దొరకవు. మనవైపు అవి ఎక్కువగా ట్రాలర్ల వలల్లోనే పైకి వస్తాయి.

వెళ్లే రోజును పౌర్ణమిని, అమావాస్యను బట్టి ఎంచుకోవాలి. ఆ తిథులప్పుడు, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మామూలు రోజుల్లో నీటి కింద ఉండే రాళ్లు కూడా బయటపడతాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి; నీరు పెరగడం పోటు, తగ్గడం ఆటు. ఒక ఆటుకూ తరువాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈరోజు చూసిన సమయం కంటే రేపటి ఆటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఆటుపోట్ల పట్టికలో నీరు అత్యల్పంగా ఉండే సమయాన్ని చూసుకుని, దానికి గంటన్నర ముందే రాళ్ల దగ్గరికి చేరాలి. నీరు తగ్గుతూ ఉన్నంతసేపు నీటి అంచు వెంబడి లోపలికి నడిచి, అది తిరిగి పెరగడం మొదలుకాగానే వెనక్కి బయలుదేరాలి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఉధృతంగా ఉంటాయి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది కాబట్టి కొత్తవారు ఆ నెలల్లోనే మొదలుపెట్టడం మేలు.

విశాఖ తీరం ప్రమాదకరమైనదని ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉంది. ఒంటరిగా వెళ్లకూడదు, ఎంత మంచి దృశ్యం కంటబడినా సముద్రానికి వీపు పెట్టి వంగకూడదు, నాచు పట్టిన రాతిమీద ఒక కాలు నిలదొక్కుకున్నాకే రెండో కాలు కదపాలి. వట్టి కాళ్లతో నడిస్తే రాళ్లకు అంటుకున్న గుల్లలు పాదాలను కోసేస్తాయి. జారని అడుగు ఉన్న మూసిన బూట్లు వేసుకోవాలి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు, ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. చీకట్లో వెళ్లేవారు దీపానికి ఎర్రటి పలుచని కాగితం చుట్టాలి. ఆక్టోపస్ కంటిలోని వర్ణద్రవ్యం నీలం, ఆకుపచ్చ కాంతినే ఎక్కువగా గ్రహిస్తుంది కాబట్టి ఎర్రటి వెలుగు దాన్ని పెద్దగా బెదరగొట్టదు. మన రాళ్లలోని జాతులు చాలావరకు సంధ్యవేళల్లోనూ రాత్రిపూటా చురుకుగా ఉంటాయి. అయినా మొదటి కొన్నిసార్లు పగటి ఆటుకే వెళ్లి, రాళ్ల అమరిక కళ్లకు అలవాటయ్యాక మాత్రమే రాత్రి ప్రయాణాల గురించి ఆలోచించాలి.

చెత్తకుప్పను బట్టి ఇంటిని కనిపెట్టడం

ఆక్టోపస్ తన వేటను తరచుగా ఇంటికి తెచ్చుకుని తింటుంది, తిన్నాక మిగిలిన పెంకులను గుమ్మం ముందే పడేస్తుంది. రాతి సందు ముందు, చుట్టుపక్కల ఎక్కడా లేనంతగా పీత డిప్పలు, విడిపోయిన పీత కాళ్లు, తెరుచుకున్న ఆల్చిప్పలు ఒకేచోట పోగుపడి ఉంటే అక్కడ ఆగాలి. అల తెచ్చి పడేసిన గవ్వలు అన్ని దిక్కులా చెదిరి ఉంటాయి, వాటి అంచులు అరిగి నునుపెక్కి ఉంటాయి. ఆక్టోపస్ పడేసినవి సందు ముందు విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటాయి, వాటిలో కొన్నింటి లోపలి భాగం ఇంకా కొత్తగా మెరుస్తూ ఉంటుంది. పీత డిప్ప దొరికితే తిప్పి చూడండి: లోపల మాంసం ఏమాత్రం మిగలకుండా శుభ్రంగా తుడిచినట్టు ఉంటే, అది గట్టి దంతాలతో నమిలినవారి పని కాదని తెలిసిపోతుంది. కొన్నిసార్లు సందు ముందు గులకరాళ్లు కూడా గోడలా పేర్చి ఉంటాయి. లోపలికి వెళ్లాక అది ఆ రాళ్లను చూషకాలతో, అంటే చేతుల మీద ఉండే గుండ్రటి పట్టు బిళ్లలతో, దగ్గరికి లాక్కుని తలుపులా మూసుకుంటుంది.

ఆ పెంకులలో కొన్నింటికి చిన్న రంధ్రం కనబడవచ్చు. చేతులతో లాగినా తెరుచుకోని ఆల్చిప్పకు ఆక్టోపస్ రంపంలాంటి నాలుకతోను, లాలాజల గ్రంథి దగ్గర ఉండే చిన్న పంటిలాంటి మొనతోను తొలిచి కన్నం పెడుతుంది. ఆ కన్నం ద్వారా విషపు లాలాజలాన్ని లోపలికి పంపితే ఆల్చిప్పను మూసి ఉంచే కండరం పట్టు సడలుతుంది. ఇక్కడ కొత్తవారు తరచుగా పొరపాటు పడతారు. మన ఇసుక తీరాల్లో ఏరుకునే చిప్పలలో చాలావాటికి గుండ్రటి రంధ్రాలు ఉంటాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం ఇసుకలో తిరిగే చంద్రనత్తలు తొలిచినవి. చంద్రనత్త రంధ్రం పైన వెడల్పుగా, లోపలికి పోనుపోను సన్నగా, మర మేకు తల కోసం వడ్రంగి చెక్కిన గుంటలా తీర్చినట్టు ఉంటుంది. ఆక్టోపస్ రంధ్రం సాధారణంగా అంతకంటే చాలా చిన్నది, పూర్తి గుండ్రంగా ఉండదు, సూది మొనతో గీరి గీరి పెట్టినట్టు కనబడుతుంది. ఈ తేడా కళ్లకు పట్టుబడినప్పుడు కలిగే సంతోషం చిన్నదేమీ కాదు. అప్పటినుంచి మీరు గవ్వలను అందం కోసం మాత్రమే ఏరరు.

లక్షద్వీప్, అండమాన్ నీళ్లలో స్నార్కెల్‌తో ఈదేవారు మరో గుర్తును కూడా వాడుకోవచ్చు. రెండు మూడు రకాల చేపలు ఒకే రాతి చుట్టూ, ఏదో జరగబోతున్నదని ఎదురుచూస్తున్నట్టు తచ్చాడుతూ ఉంటే, ఆ రాతి మీదికి చూపు మరల్చాలి. ఆక్టోపస్ సందుల్లోంచి తరిమిన చిన్న జీవులను అందుకోవడానికి గ్రూపర్లు, గోట్‌ఫిష్‌లు దాని వెంట తిరుగుతాయి. ఎర్ర సముద్రంలో ఆక్టోపస్ సయానియాపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఎటు వెళ్లాలో చేపలు వెతికి చూపడం, ఎప్పుడు కదలాలో ఆక్టోపస్ నిర్ణయించడం, పని చేయకుండా పంచుకోవడానికి మాత్రమే వచ్చిన చేపలను ఆక్టోపస్ చేత్తో గుద్ది తరమడం నమోదయ్యాయి.

దగ్గరికి చేరడం, కన్ను పట్టుకోవడం

ఇల్లు దొరికిందని అనిపించగానే వంగి లోపలికి తొంగి చూడాలనిపిస్తుంది. అలా చేస్తే ఆ పూటకు అంతటితో సరి. సందుకు రెండు మీటర్ల దూరంలో, మీ నీడ నీటి మీద పడని వైపున, వీలైనంత కిందికి కూర్చోవాలి. నిలబడిన మనిషి ఆకాశం ముందు పెద్ద నల్లటి ఆకారంలా కదులుతాడు, అటువంటి ఆకారాలకు ఆక్టోపస్ భయపడుతుంది. కూర్చున్నాక కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు కదలకూడదు. వేలు చూపించడం, చేతులు ఊపుతూ మాట్లాడుకోవడం మానాలి.

ఈలోగా చూపు సందు చీకట్లో రెండు విషయాల కోసం వెతకాలి. మొదటిది ఊపిరి. ఆక్టోపస్ తల వెనుక ఉండే సంచిలాంటి భాగాన్ని ప్రావారం అంటారు. మొప్పలు అందులోనే ఉంటాయి. ఆ సంచి ఉబ్బినప్పుడు నీరు లోపలికి వెళుతుంది, ముడుచుకున్నప్పుడు పక్కనున్న నాళిక గుండా బయటికి వస్తుంది. రాయిలా కనబడేది ఏదైనా లయబద్ధంగా ఉబ్బి తగ్గుతూ ఉంటే అది రాయి కాదు. రెండవది కన్ను. తల మీద కొద్దిగా పైకి లేచిన ఆ కంటిలో నల్లటి అడ్డగీతలా కంటిపాప ఉంటుంది. తలను ఎటు వంచినా ఆ గీత నేలకు సమాంతరంగానే నిలుస్తుంది, ఎందుకంటే తలలో ఉండే తులన అవయవాలు కింద ఏదో పైన ఏదో కంటికి ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉంటాయి. రాళ్ల గజిబిజిలో వంకరటింకర గీతలు వేయి ఉంటాయి గాని, అలా తూచినట్టు నిలిచే అడ్డగీత ఒక్కటే ఉంటుంది.

చర్మాన్ని చదవడం

ఆక్టోపస్ రంగు మార్చే తీరును మాటల్లో చెప్పడం కష్టం. మబ్బు నీడ పొలం మీదుగా పోయినట్టు రంగు దాని ఒంటి మీదుగా పోతుంది. చర్మం పై పొరలో పసుపు, ఎరుపు, గోధుమ రంగులు నింపుకున్న సూక్ష్మమైన సాగే సంచులు వేలకొలది ఉంటాయి. ఒక్కొక్క సంచి చుట్టూ చక్రపు ఆకుల్లా చిన్న కండరాలు అమరి ఉంటాయి, ఆ కండరాలకు మెదడు నుంచి నేరుగా నరాలు వస్తాయి. కండరాలు లాగితే సంచి విచ్చుకుని రంగు కనబడుతుంది, వదిలితే సంచి చుక్కలా ముడుచుకుని రంగు మాయమవుతుంది. రక్తం ద్వారా హార్మోన్లు ప్రయాణించవలసిన పని లేదు కాబట్టి ఇదంతా సెకను లోపే జరిగిపోతుంది. వీటి కింది పొరల్లోని కణాలు కాంతిని వెనక్కి తిప్పి నీలం, ఆకుపచ్చ మెరుపులను, తెల్లదనాన్ని ఇస్తాయి. ఇంతటి రంగుల విద్య తెలిసిన ఈ జీవి కంటిలో మాత్రం ఒకే రకం కాంతిగ్రాహకాలు ఉన్నాయి, అంటే మనం చూసే అర్థంలో దానికి రంగులు తెలియవు.

గమనించేవారికి ఉపయోగపడే భాగం ఇది. చర్మం మీద చిన్న బొడిపెలు, ముళ్లలాంటి మొనలు లేచి, రంగు చుట్టూ ఉన్న రాతితో కలిసిపోయి ఉంటే అది మిమ్మల్ని చూసింది, కానీ దాగి ఉండటం చాలునని అనుకుంటున్నది. మీరు కదలకుండా ఉంటే చాలు. ఒళ్లు ఒక్కసారిగా పాలిపోయి, కళ్ల చుట్టూ మాత్రం నల్లటి వలయాలు ఏర్పడి, చేతుల మధ్యనున్న పలుచని పొర గొడుగులా విచ్చుకుంటే అది బెదిరింపు, తనను పెద్దదిగా చూపించుకునే ప్రయత్నం. అప్పుడు వెంటనే, నెమ్మదిగా, ఒక మీటరు వెనక్కి జరగాలి. నల్లటి పట్టీలు ఒంటి మీదుగా ముందుకు పాకుతూ పోతుంటే అది వేటకు సంబంధించినది కావచ్చు, దాగి ఉన్న పీతను కదిలించడానికి చేసే పని అని పరిశోధకులు భావిస్తారు.

అదృష్టం ఉంటే నిద్రను కూడా చూడవచ్చు. ఒళ్లు పాలిపోయి, కంటిపాప సన్నని గీతగా మూసుకుపోయి, కదలిక లేకుండా ఉండటం దాని ప్రశాంత నిద్ర. బ్రెజిల్ పరిశోధకులు ఆక్టోపస్ ఇన్సులారిస్ అనే జాతిని వీడియోలలో చిత్రీకరించి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ నిద్ర మధ్యలో అరగంటకో నలభై నిమిషాలకో ఒకసారి, ఒక నిమిషం కూడా ఉండని చురుకైన నిద్ర వస్తుంది. అప్పుడు చర్మం రంగులు మారుతుంది, కళ్లు, చూషకాలు కదులుతాయి. అది కల అవునో కాదో చెప్పలేము. మీ ఎదుట అది జరిగితే సమయాన్ని రాసుకోండి, దాన్ని లేపకండి.

కదలికను చదవడం

చాలాసేపటికి అది ఇంటి నుంచి బయటికి వస్తే, ఎలా వస్తున్నదో చూడాలి. నిశ్చింతగా ఉన్న ఆక్టోపస్ పాకుతుంది. నాళిక గుండా నీటిని చిమ్మి వెనక్కి దూసుకుపోవడం దానికి చేతనైనా, అది దానికి భారమైన పని. దానికి మూడు గుండెలు ఉన్నాయి. రెండు మొప్పలకు రక్తాన్ని అందిస్తే, మూడవది ఒంటికంతటికీ పంపుతుంది. దూసుకుపోతూ ఈదేటప్పుడు ఈ మూడవ గుండె ఆగిపోతుంది. పైగా దాని రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది మనకున్నట్టు ఇనుము గల హీమోగ్లోబిన్ కాదు, రాగి గల హీమోసయనిన్. నీలిరంగులో ఉండే ఈ రక్తం మన రక్తమంత సమర్థంగా ఆక్సిజన్‌ను మోయలేదు. కాబట్టి అది మీ ఎదుట ఈది పారిపోయిందంటే, మీరు దాన్ని అలసిపోయే పనికి పురికొల్పారని అర్థం. దాని వెంట పడకూడదు.

పాకేటప్పుడు చేతులను విడివిడిగా గమనించండి. ఒక చేయి ముందున్న సందులోకి దూరి తడుముతూ ఉంటే, ఇంకొకటి వెనుక రాతిని పట్టుకుని ఉంటుంది, వేరొకటి ఒక గవ్వను తిప్పి చూస్తూ ఉంటుంది. ఎనిమిదింటినీ ఒక్క మెదడు అనుక్షణం నడిపిస్తున్నట్టు అనిపించదు, నిజానికి నడిపించదు కూడా. సాధారణ ఆక్టోపస్ (ఆక్టోపస్ వల్గారిస్) అనే జాతిలో సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటే, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉన్నాయి. ప్రతి చేతిమీదా రెండు వరుసల్లో రెండు వందలకు పైగా చూషకాలు ఉంటాయి, అవి పట్టుకోవడమే కాక రుచి కూడా చూస్తాయి. చూషకాల చర్మంలో ఉండే ప్రత్యేకమైన గ్రాహకాలు, నీటిలో సులభంగా కరగని పదార్థాలను తాకి గుర్తిస్తాయని హార్వర్డ్ పరిశోధకులు 2020లో చూపించారు. కళ్లకు కనబడని సందులోకి చేయి పంపి, అక్కడున్నది పీతో రాయో తాకి తెలుసుకునే జంతువును చూస్తున్నామని గుర్తుంటే, ఆ తడుములాట ఎంతసేపు చూసినా విసుగు పుట్టించదు.

వేట జరిగేటప్పుడు అది హఠాత్తుగా ఒక రాతిమీద గొడుగులా వాలి, చేతుల మధ్య పొరతో దాన్ని కప్పేసి, అంచులన్నీ మూసి, లోపల చేతి కొనలతో సందులన్నీ వెతుకుతుంది. ఏదో దొరికితే ఆ గొడుగు కాసేపు అలాగే బిగిసి ఉంటుంది. దొరకకపోతే లేచి పక్క రాతికి పోతుంది.

అది సిరా చిమ్మితే ఆనాటి పరిశీలన అక్కడితో ఆపి దూరంగా వెళ్లిపోవాలి. మెలనిన్, జిగురు కలిసిన ఆ సిరా కొన్నిసార్లు నీటిలో జంతువంత ముద్దగా నిలిచి, శత్రువు దానిమీద పడేలోగా అసలు జంతువు పాలిపోయి తప్పించుకుంటుంది. విశాలమైన సముద్రంలో ఇది మంచి ఉపాయమే. నీరు మారని చిన్న మడుగులో మాత్రం ఆ సిరా దాని మొప్పలకే హాని చేయవచ్చు.

ఎందుకు ముట్టుకోకూడదు

ఆక్టోపస్ జాతులన్నింటి లాలాజలంలోనూ ఏదో ఒక మోతాదులో విషం ఉంటుంది, చాలావాటి కాటు మనిషికి నొప్పి, వాపు కలిగించి తగ్గిపోతుంది. నీలి వలయాల ఆక్టోపస్ సంగతి వేరు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో ఉండే ఈ చిన్న జీవి అరచేతిలో ఇమిడిపోతుంది. మామూలుగా మట్టి రంగులో ఉండి, బెదిరినప్పుడు మాత్రమే మెరిసే నీలి వలయాలను చూపుతుంది. దాని లాలాజలంలోని టెట్రోడోటాక్సిన్ ఊపిరి తీసుకునే కండరాలను స్తంభింపజేస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. విషం ప్రభావం తగ్గేదాకా గంటల తరబడి కృత్రిమ శ్వాస అందించడం ఒక్కటే ప్రాణం నిలుపుతుంది. కాటు మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు. కాబట్టి చిన్నదిగా, ముద్దుగా ఉందని ఏ ఆక్టోపస్‌నూ చేతిలోకి తీసుకోకూడదు, ఖాళీగా కనబడే పెద్ద గవ్వను కూడా లోపల చూడకుండా జేబులో వేసుకోకూడదు. పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు ఈ మాట బయలుదేరే ముందే చెప్పాలి.

దానికీ మన స్పర్శ మంచిది కాదు. సన్‌స్క్రీన్, దోమల మందు పూసుకున్న చేతులను మడుగులో పెట్టకూడదు. ఇంటి కప్పుగా ఉన్న రాతిని ఎత్తి చూడటం అన్నింటికంటే పెద్ద తప్పు. ఒకవేళ ఏ చిన్న రాయినైనా కదిలించవలసి వస్తే, దాన్ని ఏ వైపు పైకి ఉండేదో ఆ వైపే పైకి ఉంచి తిరిగి అదేచోట పెట్టాలి.

గుడ్లతో ఉన్న తల్లి కనబడితే

ఒక్కొక్కసారి ఇంటి ముందు కొత్త పెంకులు ఏమీ ఉండవు, గుమ్మం రాళ్లతో దాదాపు మూసుకుపోయి ఉంటుంది, లోపల ఉన్న జంతువు రోజుల తరబడి బయటికి రాదు. పైకప్పు నుంచి బియ్యపు గింజల గుత్తుల్లా తెల్లటి తీగలు వేలాడుతూ కనబడితే అవి గుడ్లు. సాధారణ ఆక్టోపస్ లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. మగది తన చేతుల్లో ప్రత్యేకంగా మారిన ఒకదానితో, చాలా జాతులలో కుడివైపు మూడవ చేతితో, వీర్యపు పొట్లాలను ఆడదానికి అందించి వెళ్లిపోతుంది. ఆ తరువాత అది కూడా ఎక్కువ కాలం బతకదు. తల్లి గుడ్లమీద నాళికతో నీటిని చిమ్ముతూ, చూషకాలతో తుడుస్తూ, వేట మానుకుని కాపలా కాస్తుంది. నీటి వెచ్చదనాన్ని బట్టి ఇది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా సాగుతుంది. కాలిఫోర్నియా దగ్గర మాంటెరే అగాధంలో ఒక లోతు సముద్రపు తల్లి 53 నెలలు గుడ్లను కాపాడుతూ ఉండటాన్ని పరిశోధకులు 2007 నుంచి 2011 వరకు మళ్లీమళ్లీ వెళ్లి చూశారు. ఈ ఉపవాసం వెనుక కళ్ల మధ్యనున్న దృక్‌గ్రంథుల ఆజ్ఞ ఉంది. పరిశోధకుడు జెరోమ్ వోడిన్స్కీ, ఆ గ్రంథులను తొలగించినప్పుడు తల్లులు గుడ్లను వదిలి, మళ్లీ తినడం మొదలుపెట్టి, ఎక్కువ కాలం బతికాయని 1977లో ప్రకటించారు.

అటువంటి ఇల్లు దొరికితే ఆ చోటును ఎవరికీ చెప్పకండి, ఫోటోను స్థలం పేరుతో ఎక్కడా పెట్టకండి, ఫ్లాష్ వాడకండి. తల్లి ఒక్కసారి బెదిరి బయటికి వెళితే చేపలు, పీతలు నిమిషాల్లో ఆ గుడ్లను తినేస్తాయి. దూరం నుంచి చూసి, తేదీ, తిథి, ఆటు సమయం, గుమ్మం ముందు రాళ్ల అమరిక పుస్తకంలో రాసుకుని వెనక్కి రండి. తరువాతి పౌర్ణమికో అమావాస్యకో మళ్లీ వెళ్లి అదే దూరం నుంచి చూడండి. గుడ్లు పగిలి పిల్లలు నీటిలోకి వెళ్లిపోయాక తల్లి చనిపోతుంది, ఆ సందు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన సందును మరచిపోకండి. మంచి ఇల్లు ఒకటి ఖాళీగా ఉందని తెలిస్తే మరో ఆక్టోపస్ వచ్చి చేరవచ్చు, అప్పుడు గుమ్మం ముందు మళ్లీ కొత్త పీత డిప్పలు కనబడతాయి.